సబ్బు వెలుగు

ఇప్పుడప్పుడే అది వెలగకూడదు. వెలిగిందంటే వాసవి పని అయిపోయినట్టే. సెమినార్ గది కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, ఏసీ ఆపించి, బల్ల మధ్యలో బొటనవేలంత గాజు సీసా ఒకటి నిలబెట్టి, దాని మీదికి అతినీలలోహిత దీపం వంచి పెట్టారు. సీసా నిండా వేడినీళ్ళు. ఆ నీళ్ళలో ఆమె థీసిస్ మూడో అధ్యాయం మొత్తం కరిగి ఉంది, చిటికెడు తెల్లపొడిగా. బల్లకు అవతల కూర్చున్న ప్రొఫెసర్ ఖురానా సీసా వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసి "డార్క్ హై" అన్నాడు, తప్పు దొరికిన ఇన్‌స్పెక్టర్ గొంతుతో. "జీ సర్, డార్క్ హై," అంది వాసవి, ఆయనేదో తనను మెచ్చుకున్నట్టు. కమిటీలో తక్కిన ఇద్దరూ గంటసేపు చీకట్లో కూర్చునే ఓపిక లేక చాయ్‌కని క్యాంటీన్‌కు దిగారు. మిగిలింది ఖురానా, ఆమె గైడ్ రంగనాథ్ గారు, ఆమె, ఆ సీసా. గంటలో అందులో వెలుగు పుడితే అధ్యాయం ఉంటుంది. పుట్టకపోతే దాన్ని థీసిస్‌లోంచి తీసేయాలి, పైగా ఇన్నాళ్ళూ ఈమె చూసిన వెలుగంతా బట్టల సబ్బుదని కమిటీ రాసి సంతకాలు పెడుతుంది, ఆ పదార్థం వంక ఇంక ఎవరూ కన్నెత్తి చూడరు. రాయనీ చూద్దాం అనుకుంది వాసవి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని.

వెలుగుతుంది, ఎందుకు వెలగదు, ఆ అణువు సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఉన్నది ఇంతే, పేరు చెప్పాలంటే మాత్రం ఊపిరి బిగబట్టాలి. వేడినీళ్ళలో ఒంటరిగా తిరుగుతున్నంతసేపూ కాళ్ళూ చేతులూ ఆడించుకుంటూ, దీపం ఇచ్చిన శక్తినంతా ఆ ఆడించడంలోనే తగలేసుకుంటుంది, ఆవగింజంత వెలుగు కూడా ఇవ్వదు. నీళ్ళు చల్లారేకొద్దీ ఒకదాని పక్కకు ఒకటి వచ్చి చేరతాయి. ఎవరూ పిలవరు, ఎవరూ పేర్చరు, వాటంతట అవే వరసకట్టి సన్నని పోగులవుతాయి. ఆ పోగుల్లో కాళ్ళు కదిపే చోటుండదు కనుక మింగిందంతా వెలుగుగా కక్కుతాయి. పైనున్న పెద్దసారు ఒకాయన ఇది విని, వండర్‌ఫుల్, ఐకమత్యమే బలమని మీ అణువులు చెబుతున్నాయి అంటూ మురిసిపోతే వాసవికి ఒళ్ళు మండిపోయింది. ఐకమత్యం కాదు, గాడిదగుడ్డూ కాదు, ఇరుకు. ఇరుకంటే ఏమిటో ఢిల్లీలో, మునిర్కా సందుల్లో గది తీసుకున్నవాళ్ళకు ఒకరు చెప్పాలా? కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, ఆ గోడకు ఇంకో కిటికీ, అందులో మణిపురి పిల్ల ఉల్లిపాయలు తరిగితే ఇక్కడ వాసవి కళ్ళు మండుతాయి. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్ వేసుకోవాలి. మంచం మీద ఉన్నవాళ్ళు లేస్తే గానీ బీరువా తలుపు తెరుచుకోదు. మెట్ల మీద ఎవరైనా ఎదురొస్తే ఇద్దరిలో ఒకరు గోడకు అతుక్కోవాలి, ఎవరు అతుక్కోవాలన్నది ఎవరి చేతిలో నీళ్ళ క్యాన్ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ ఇంట్లోనే, ఆ ట్యూబ్‌లైట్ కిందే ఆమె ఈ అణువు బొమ్మ మొదటిసారి గీసింది. అంత చోట్లో ఏం పుడుతుందిలే అని అనేవాళ్ళు ఒక నెల వచ్చి ఉండి చూడాలి.

ఆ ఇంటి యజమానురాలు మంచి మనిషి. బిల్డింగంతా ఆంటీ అనే పిలుస్తారు. మంచిదే కాబట్టి మోసం జరిగింది. మొన్న మార్చిలో వాసవి జ్వరంతో పడుకుంటే, బకెట్లో మూలుగుతున్న ల్యాబ్ కోటు ఆవిడ కంటపడింది. తన దుప్పట్లతో పాటు మెషీన్లో వేసి, తెల్లబట్టలు తళతళలాడటానికి పోసే మందు దండిగా పోసి, ఇస్త్రీ కూడా చేయించి తలుపుకు తగిలించింది. "దేఖ్ బేటా, చమక్ గయా" అని ఆ మెరుపును గర్వంగా చూపించింది. చమకడమే ప్రాణం మీదికి తెచ్చింది. ఆ మందులో ఉండేది కూడా ఎండలోని అతినీలలోహితాన్ని మింగి నీలంగా వెలిగే సరుకే, చొక్కాలు తెల్లగా కనబడేది దాని చలవ వల్లే. అది చదువుకున్నదే, పరీక్షల్లో రాసిందే. అయినా మర్నాడు సెమినార్‌లో, అందరి ముందూ సీసాలు దీపం కింద పెట్టే ముందు, వేలిముద్రలు పోవాలని కోటు చేతిఅంచుతో తుడిచింది. ల్యాబుల్లో అందరూ తుడుస్తారు, ఆ చేతిఅంచులు అందుకే ఉన్నాయన్నట్టు. రెండు సీసాలు, ఒకదాంట్లో తన పదార్థం, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. దీపం వేయగానే ఉత్త నీళ్ళ సీసా కూడా చక్కగా, పండగలా, నీలంగా మెరిసింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అదే నీలంగా వెలుగుతున్న ఆమె కోటు చేతిఅంచు చూసి ఖురానా నింపాదిగా అన్నాడు, "మేడమ్, ఫిర్ తో మేరే ఘర్ కీ వాషింగ్ మెషీన్ భీ పీహెచ్‌డీ కర్ సక్‌తీ హై." గది గదంతా నవ్వింది. నవ్వు ఆగాక కూడా వెనక వరసలో ఎవరో మిగిలిపోయిన నవ్వు నవ్వుతూనే ఉన్నారు.

అప్పటినుంచి దానికి సబ్బు వెలుగని పేరు పడింది. కారిడార్‌లో ఎదురైనవాళ్ళు "క్యా హాల్ హై సాబున్ వాలీ లైట్ కా" అంటారు, ప్రేమగానే అంటారు, అదే మరీ కాలుతుంది. తుడిచింది తనే, తప్పు తనదే, ఆ సంగతి అక్కడికక్కడే మైకులో ఒప్పుకుంది. కానీ సీసా బయట అంటిన నూగు వేరు, లోపల పుట్టిన వెలుగు వేరు కదా? ఆ ముక్క చెప్పబోతే టైం అయిపోయిందన్నారు. ఒకసారి తప్పు చేసినవాళ్ళు మళ్ళీ నిజం చెప్పకూడదని ఏ శాస్త్రంలో ఉంది? మొదటిసారి ఆ వెలుగు చూసిన సాయంత్రం ఒంటి మీద కోటే లేదు. డిసెంబరు చలి, స్వెటర్ మీద స్వెటర్. వారం కిందట కరిగించి మర్చిపోయిన సీసా కిటికీ అరుగు మీద పడి ఉంది. ల్యాబ్‌లో తోటి స్కాలర్ సాయిప్రకాష్ తన ప్రయోగం ప్లేటు ఏదో చూసుకుందామని అతినీలలోహిత దీపం వేశాడు. "ఓ వాసవక్కా, గా కిటికీల ఏమో మండుతాంది చూడు" అన్నాడు నల్లగొండ అబ్బాయి. ఇద్దరూ చాలాసేపు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ నీలం ఎవరి మీదా కోపం లేనట్టు, ఎవరూ చూడకపోయినా ఫరవాలేదన్నట్టు ఉంది. ఆ రోజు ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే గదికి వచ్చి అన్నం తినడం కూడా మర్చిపోయింది.

"హిలా కే దేఖేఁ?" అన్నాడు ఖురానా ఉన్నట్టుండి. కాస్త కదిపితే తొందరగా అవుతుందేమోనని. "నో సర్. కదిపితే పోగులు కావు, ముద్దలవుతాయి," అంది ఇంగ్లీషులో, మర్యాదగా, ఆయన చేతికీ సీసాకీ మధ్య తన చేయి అడ్డం పెట్టి. పాలు తోడు పెట్టాక ఊరికే మూత తీసి చూస్తే అమ్మ చేతి మీద ఒకటేసేది. ఇది పెరుగు కూడా కాదు, పెరుగుకైనా బయటినుంచి తోడు వేయాలి, దీనికి అదీ అక్కర్లేదు, వదిలేస్తే చాలు. ఈ ఊళ్ళో ఎవరికీ వదిలేయడం రాదు, అదే వచ్చిన గొడవ. పొద్దున అమ్మ అనంతపురం నుంచి ఫోన్ చేసింది. "ఏమ్మే, ఈ పొద్దేనా నీ పరీక్ష?" "పరీక్ష కాదు మా, వాళ్ళకు చూపించాల." "చూపించు, భయం యాల? ఇంతకీ ఆ యెలుగు దేనికి పనికొస్తాది?" "ఇప్పటికైతే దేనికీ లేదు మా." "అయితే మంచిదే, ఎవురూ ఎత్తుకుపోరు" అని నవ్వి పెట్టేసింది. గ్రాంట్ల కోసం రాసే కాగితాల్లో ఫోన్ తెరలనీ, ఒంట్లో రోగాలు కనిపెట్టడమనీ పేజీలకు పేజీలు రాస్తారు, రాయక తప్పదు. కానీ వాసవి ఆ సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చున్నది ఫోన్ తెర కోసం కాదు. ఉన్నది ఉందని చెప్పడానికి కూడా ఇంత ఉపయోగం చూపించాలా?

పక్కన రంగనాథ్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయనను చూస్తే కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. తెనాలి వైపు మనిషి, ఢిల్లీలో తల నెరిసింది, ఇంట్లో పిల్లలు హిందీలో జవాబు చెబుతారు, అందుకని ఆయన తెలుగంతా స్టూడెంట్లకు బుద్ధులు చెప్పడానికే మిగిలింది. పోయిన వారం తన గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి చెప్పారు. "చూడమ్మా వాసవీ, మూడోది తీసేసినా మిగతా అధ్యాయాలు బాగానే ఉన్నాయి. డిగ్రీ వచ్చేస్తది. ఖురానాతో పెట్టుకుంటే రేపు ఏ ఇంటర్వ్యూకి పోయినా బల్లకి అవతల ఆయనో, ఆయన మనిషో కూర్చుంటాడు. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎట్లా?" కోప్పడలేదు, బతిమాలినట్టే అన్నారు. "నాలుగూ ఉన్నాయి సార్. నా మాట వద్దు, కుందేలును వాళ్ళ చేతికే ఇద్దాం, వాళ్ళే చూసుకుంటారు," అంది. కమిటీ ముందు అందరూ స్లైడ్లు చూపిస్తారు, ఓడిపోయేవాళ్ళు ఇంకా ఎక్కువ స్లైడ్లు చూపిస్తారు. ప్రయోగం చేసి చూపిస్తానన్నవాళ్ళు ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరట. ఖురానా వేడుక చూద్దామని ఒప్పుకున్నాడు. సీసా ఆయన ల్యాబ్‌దే, నీళ్ళు ఆయనవే, పొడి తూచిందీ పోసిందీ ఆయనే. వాసవి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఒంటి మీద కోటు లేదు, ఉన్నది ముదురు రంగు కుర్తా, కుంకుడు రసంతో తనే ఉతుక్కున్నది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని రంగనాథ్ గారు గొణుక్కోవడం వినబడింది. వినబడాలనే గొణిగారు.

ఎంతసేపయింది? చీకట్లో కాలం తెలియదు, గడియారం చూస్తే భయపడిందనుకుంటారు. అసలు భయం లేదా అంటే, ఎందుకు లేదు, అరచేతులు చెమట పట్టాయి. ఏప్రిల్ ఆఖరు ఎండ నల్లగుడ్డల వెనకనుంచి గదిని ఉడికిస్తోంది. ఏసీ గాలి తగిలితే గబుక్కున చల్లారి ముద్దలైపోతుందని తనే ఆపించింది, ఇప్పుడు ఆ ఉక్కలో నీళ్ళు చల్లారడమే మానేస్తే? ఏసీ వేయమంటే? అంటే, మేడమ్‌కే నమ్మకం లేదంటాడు ఖురానా. అనకపోతే గంట గడిచిపోతుంది. ఇదే పని చలికాలంలో పెట్టి ఉంటే, ఇదే పని తెల్లవారుజామున పెట్టి ఉంటే. వద్దు, ఇప్పుడు మనసు మార్చుకుంటే తనే కదిపినట్టు. ఇంటర్‌లో ఫిజిక్స్ మేష్టారు ఆడపిల్లలకు కరెంటు ప్రయోగాలు ఇచ్చేవాడు కాదు, షాక్ కొడుతుందమ్మా, లెక్కలు వేసుకోండి అనేవాడు. ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు తీగలు కలిపి చూసింది, షాక్ కొట్టింది, ఆ తర్వాత బల్బు వెలిగింది. మొదట కొట్టేది షాకే. ఇక్కడికి వచ్చాక మీ సౌత్ వాళ్ళు చాలా కష్టపడతారు అని మెచ్చుకున్నవాళ్ళు, కష్టపడతారన్న చోట తెలివైనవాళ్ళని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట మనసులో మెదిలేసరికి అరచేతుల చెమట ఆరిపోయింది. ఏసీ సంగతి అడగలేదు.

ఖురానా కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. కదిలినప్పుడు ఒక చిత్రం కనిపించింది వాసవికి, ఇంతసేపూ తను సీసానే చూస్తూ గమనించనేలేదు. దీపం చిందించే అతినీలలోహితానికి ఆయన కోటులోంచి బయటికి కనబడే చొక్కా కాలరు, చేతిఅంచులు నీలంగా, ధగధగా వెలుగుతున్నాయి. మనిషి చీకట్లో ఉన్నాడు, చొక్కా మాత్రం పెళ్ళిపందిరిలా ఉంది. ఆయన ఇంటి వాషింగ్ మెషీన్ నిజంగానే పీహెచ్‌డీ చేసింది. నవ్వు వచ్చింది, పెదవి కొరుక్కుంది. అంతలో ఆయన సీసా మీద ఏదో మసక పట్టినట్టుందే అంటూ జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. అది కాలరు కన్నా ఎక్కువ వెలుగుతోంది. దాన్ని పట్టుకున్న చెయ్యి సీసా దాకా వచ్చేసింది.

"సార్, ముట్టుకోవద్దు." తెలుగులోనే వచ్చేసింది, గట్టిగా. ఆయనకు మాట అర్థం కాలేదు, గొంతు అర్థమైంది. చెయ్యి అక్కడే ఆగింది. వాసవి ఆయన చేతిలోని రుమాలు వంక చూసింది, అంతే. ఆయన కూడా చూశాడు. చూసి, నెమ్మదిగా మడతపెట్టి, వెలుగంతా జేబులో కుక్కేసుకున్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. మార్చిలో తను చేసిన పని ఆయన చేయబోయాడు, అలవాటు కొద్దీ చేయబోయాడు, ల్యాబుల్లో పెరిగినవాడు కాబట్టే చేయబోయాడు. ఇప్పుడు ఒక మాట అనొచ్చు. అనలేదు. అనకపోవడంలో ఎంత సుఖం ఉందో వాసవికి ఆ క్షణంలో తెలిసింది.

ఆ తర్వాత, ఎప్పుడో, సీసా అడుగున చీకటి కొంచెం పలచబడింది. వెలుగని చెప్పడానికి వీల్లేదు, కళ్ళు మూసి తెరిస్తే పోతుందేమో అన్నంత. చూశారా సార్ అనాలనిపించింది వాసవికి, అనలేదు, చస్తే అనదు. ఆయనే చెప్పాలి. పలచదనం పైకి పాకింది, సన్నని దారాలుగా, ఎవరో లోపల కూర్చుని నిదానంగా నేస్తున్నట్టు. ఖురానా ముందుకు వంగాడు. వంగితే తన చొక్కా వెలుగే తనకు అడ్డమవుతోంది. కోటు బొత్తాలు పైదాకా పెట్టుకున్నాడు, చేతిఅంచులు లోపలికి మడుచుకున్నాడు, కాలరు మీద అరచెయ్యి కప్పుకున్నాడు. అలా తన వెలుగునంతా దాచుకుని, చిన్నపిల్లాడిలా బల్ల మీద గడ్డం ఆనించి, "ఆ రహా హై", వస్తోంది అన్నాడు తనలో తను. రంగనాథ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నీలం సీసా నిండింది. వాసవికి ఏడుపొచ్చింది, చీకటి కనుక ఏడ్చింది.

తలుపు తెరుచుకుని చాయ్‌కి వెళ్ళినవాళ్ళిద్దరూ వచ్చారు. అరే వాహ్ అన్నారు, ఫోన్లు తీసి ఫోటోలు తీశారు. ముగ్గురూ ఒక మూల తలలు కలిపి మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేసరికి ఖురానా మళ్ళీ ప్రొఫెసర్ ఖురానా అయిపోయాడు. ఠీక్ హై, అధ్యాయం ఉంచుకోవచ్చు. కాకపోతే మార్చిలో జరిగిందీ ఒకటుంది, గాల్లో దుమ్మూ ధూళీ ఉంటాయి, కాబట్టి శీర్షికలో 'బహుశా' అన్న అర్థం వచ్చే ఒక మాట చేర్చండి, అందరికీ గౌరవంగా ఉంటుంది. రంగనాథ్ గారు తనే గెలిచినట్టు ఆమె పక్కకు వచ్చి చెవిలో అన్నారు, "ఒప్పుకో తల్లీ. ఒక్క మాటేగా." ఒక్క మాటే. ఆ ఒక్క మాట చాలు, చదివినవాళ్ళంతా ఆ మాట దగ్గర ఆగి, ఓహో సబ్బు కాబోలు అనుకుని పేజీ తిప్పేయడానికి. ఉన్నదాన్ని ఉండీ లేనట్టు చేయడానికి కమిటీలకు తెలిసిన మర్యాదైన పద్ధతి అదే.

వాసవి బల్ల చివర ఉన్న కెటిల్ దగ్గరికి నడిచింది, ఇందాక సీసాకు నీళ్ళు కాచింది అందులోనే. మీట నొక్కింది. నీళ్ళు మరిగాక స్టీలు గ్లాసులో పోసి, గంటసేపు ఎవరినీ ముట్టుకోనివ్వని సీసాను తన చేత్తో ఎత్తి ఆ మరిగే నీళ్ళలో దించింది. "అరే, యే క్యా కర్ రహీ హో?" అన్నారెవరో. "వాసవీ, పిచ్చి గానీ పట్టిందా?" అన్నారు రంగనాథ్ గారు, లేచి నిలబడి. కాసేపటికి సీసాను పైకి తీసి దీపం కింద పట్టుకుంది. నీలం అంచుల్లో విడిపోతోంది, తర్వాత నడుమ, తర్వాత ఏమీ లేదు, నల్లని నీళ్ళు. చేతులారా ఆర్పుకుంది. మళ్ళీ రాకపోతే? రాకపోతే అధ్యాయం తనే తీసేస్తుంది, మొత్తంగా తీసేస్తుంది. ఆ మాట మాత్రం పెట్టదు.

"సబ్బు వేడికి ఆరదు సర్. నమ్మకం లేకపోతే మీ చొక్కా ముంచి చూడండి," అంది ఇంగ్లీషులో, సీసాను బల్ల మధ్యలో నిలబెడుతూ. "ఇది ఆరింది. చల్లారితే దానంతట అదే మళ్ళీ వస్తుంది. అప్పుడు 'బహుశా' అని మీరే రాసుకోండి, మీ పేరు కింద. బైఠియే సర్. ఏక్ ఘంటా ఔర్." కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇద్దరు సభ్యులూ గడియారాలు చూసుకున్నారు, భోజనం వేళ, ఖురానా ముఖం వంక చూశారు. ఆయన లేచి తలుపు దాకా నడిచాడు. వాసవి తల తిప్పలేదు, ఆగమనలేదు. వెనక గడియ పడిన చప్పుడు వినిపించింది. కారిడార్ వెలుతురు తెగిపోయి గది నల్లగా అయిపోయింది. ఖురానా బల్ల అంచు తడుముకుంటూ వెనక్కి వచ్చి, ఆమెకు ఎదురుగా తన కుర్చీలో కూర్చుని, కాలరు మీద చెయ్యి కప్పుకున్నాడు.